మన సాహిత్యంలో ఆడపిల్ల వాటా

1

తెలుగు సాహిత్యంలో స్త్రీ సమస్యను గురించి మన విమర్శకులు రాసినంత మరి దేన్ని గురించీ రాసి ఉండరు. బాల్యవివాహం, కన్యాశుల్కం, వైధవ్యం, వరకట్నం, ప్రేమ, దాంపత్యం, చదువు, ఉద్యోగం - ఒక్కొక్క అంశం మీదా వ్యాసాలున్నాయి, సిద్ధాంత గ్రంథాలున్నాయి, వాదోపవాదాలున్నాయి. కాని ఈ జాబితాలో ఒక్క మాటకు సరైన చోటు దొరకలేదు. ఆ మాట ఆస్తి. కట్నంగా పోయే ఆస్తిని గురించి కాదు నేను చెప్పేది. వాటాగా రావలసిన ఆస్తిని గురించి.

వాస్తవికత మన నినాదం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిననాటినుంచీ, సమాజానికి పునాది ఆర్థిక సంబంధాలనీ, నీతులూ మనస్తత్వాలూ ఆ పునాది మీద లేచిన కట్టడాలనీ చెబుతూ వస్తున్నాం. రైతు కథ వస్తే భూమి ఎవరిదని అడుగుతాం. కార్మికుడి కథ వస్తే మిల్లు ఎవరిదని అడుగుతాం. స్త్రీ కథ వచ్చేసరికి మాత్రం మన ప్రశ్న మారిపోతుంది. ఆమె మనసు ఎలాంటిది, ఆమె మొగుడు ఎలాంటివాడు, ఆమె తిరగబడిందా లేదా అని అడుగుతాం. ఆమె నిలబడ్డ నేల ఎవరి పేర ఉందో అడగం. ఇది కేవలం పొరపాటున జరిగింది కాదు. మన దృక్పథంలోనే ఒక లోపం ఉంది. ఆ లోపం వల్ల మంచి రచనలను కూడా మనం సగమే చదువుతున్నాం. ఈ వ్యాసంలో నేను చూపదలచింది ఇంతే.

2

ముందుగా మనందరికీ కంఠోపాఠమైన "కన్యాశుల్కం" తీసుకుందాం. అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టాడు. ఆ ముసలివాడు చచ్చాడు. బుచ్చమ్మ పుట్టింటికి వచ్చింది. ఇంతవరకూ మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. కాని ఆమెతో పాటు ఇంకొకటి కూడా ఆ ఇంటికి వచ్చింది. అది భూముల దావా. చనిపోయిన అల్లుడి భూముల కోసం అగ్నిహోత్రావధాన్లు వ్యాజ్యమాడుతున్నాడు. హక్కు బుచ్చమ్మది, పెత్తనం తండ్రిది. కూతుర్ని అమ్మినవాడే ఆమె వైధవ్యాన్ని కూడా కోర్టుకెక్కించి లాభం చూసుకోబోయాడు.

గురజాడ ఈ దావాను నాటకంలో నవ్వు కోసం పెట్టాడనుకుంటే మనం ఆ మహారచయితను తక్కువ అంచనా వేసినట్టే. ఆనాటి చట్టం ఏమిటో గుర్తు చేసుకుంటే దాని బరువు తెలుస్తుంది. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం వితంతువుకు మళ్లీ పెళ్లాడే హక్కు ఇచ్చింది. అదే చట్టంలో రెండో సెక్షన్ మొదటి భర్త ఆస్తిమీద ఆమెకున్న హక్కును పునర్వివాహంతో తీసేసింది. పెళ్లి కావాలంటే భూమి వదులుకోవాలి, భూమి కావాలంటే తలగొరిగించుకుని కూచోవాలి. సంఘసంస్కరణ ఉద్యమానికి మకుటాయమానమని మనం చెప్పుకునే చట్టం బుచ్చమ్మ ముందు పెట్టిన బేరం ఇది. ఆఖరికి సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను చదువు కోసం పూనా పంపిస్తాడు. మంచిదే. మరి ఆ భూములు? వందేళ్లకు పైగా మనం గిరీశం ఎలాంటివాడో తేల్చుకునే పనిలో ఉన్నాం. బుచ్చమ్మ భూముల సంగతి ఆ చర్చలో పెద్దగా రాలేదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి "అరికాళ్లకింద మంటలు" కూడా అలాంటిదే. పుట్టింట్లో రాత్రింబగళ్లు చాకిరీ చేసే విధవపిల్ల ఒక రాత్రి జట్కా ఎక్కి రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారి తోటకు వెళ్లిపోతుంది. ఆ పిల్ల మీద ఇంట్లో ఆడవాళ్లే పెత్తనం చేస్తారు గనుక ఇది ఆడదానికి ఆడదే శత్రువని చెప్పే కథగా కొందరు చదివారు. నాకు అలా తోచదు. పాత హిందూ ధర్మశాస్త్రం ప్రకారం విధవ కూతుర్ని పోషించడం తండ్రికి నైతిక బాధ్యత మాత్రమే, చట్టరీత్యా బాధ్యత కాదు. అంటే ఆ ఇంట్లో ఆ పిల్ల తినే ప్రతి ముద్దా దయాధర్మం. హక్కుగా తినే తిండికీ దయగా పెట్టే తిండికీ మధ్య ఉన్న దూరమే ఆ చాకిరీ. అత్తవారు, అమ్మగారు, వదినలు దుర్మార్గులు కావడం కాదు అసలు విషయం. వాళ్లు మంచివాళ్లయినా ఆ పిల్ల నిలబడటానికి ఆ ఇంట్లో జానెడు చోటు లేదు. శ్రీపాద ఆ ఇంటి పనుల జాబితా అంత ఓపికగా చెప్పడం వెనక నాకు కనిపించే లెక్క ఇది.

చలం సంగతి వేరు. రాజేశ్వరిని ఆయన వకీలు ఇంట్లోనుంచి "మైదానం"లోకి తీసుకుపోయాడు. 1927లో అది ఎంత సాహసమో నేను కాదనను. స్త్రీకి శరీరం ఉందనీ, మెదడు ఉందనీ, హృదయం ఉందనీ చలం ఎలుగెత్తి చాటాడు. ఆమెకు చేను కూడా ఉండాలనే ఆలోచన ఆయన ప్రణాళికలో లేదు. సొత్తునంతా బంధనంగా చూసిన రచయిత అందులో తన నాయికకు వాటా అడగడు. అది ఆయన తాత్త్వికత, ఆయన్ని తప్పు పట్టనక్కర్లేదు. కాని చలం తరువాత వచ్చిన మనం ఆ తాత్త్వికతనే స్త్రీ విముక్తికి పూర్తి నిర్వచనంగా తీసుకోవడం తప్పు. రాజేశ్వరి వదిలివెళ్లిన ఇంట్లో ఆమెకు వదులుకోవడానికైనా ఏమీ లేదు. లేనిదాన్ని త్యజించడాన్ని త్యాగమనలేం.

3

ఈ రచనల వెనక ఉన్న చట్టాన్ని కొంచెం వివరంగా చూడాలి. సాహిత్య విమర్శలో సెక్షన్లెందుకని కొందరికి విసుగు కలగవచ్చు. కౌలుదారీ చట్టాలు తెలియకుండా రైతు కథను విమర్శించబోయేవాణ్ణి మనం ఊరుకుంటామా? ఇదీ అంతే.

1937లో హిందూ స్త్రీల ఆస్తిహక్కు చట్టం వచ్చింది. విధవకు భర్త వాటా దక్కుతుందని అది చెప్పింది. అయితే ఆ వాటా బతికున్నన్నాళ్లు అనుభవించడానికే, అమ్ముకోవడానికి వీల్లేదు. కూతురి ప్రస్తావనే లేదు. పైగా వ్యవసాయ భూమి వారసత్వం 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద రాష్ట్రాల విషయం కాబట్టి ఈ చట్టం పొలానికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. అదే 1937లో ముస్లింలకోసం వచ్చిన షరియత్ చట్టం కూడా వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. ఆస్తి అంటే నూటికి తొంభైమందికి పొలమే అయిన దేశంలో పొలం తప్ప మిగతా ఆస్తిమీద స్త్రీకి హక్కు ఇచ్చారు! ఆ తరువాత రాష్ట్రాల చట్టాలు ఆ లోటును కొంత పూడ్చాయి. అది వేరే కథ.

హిందూ కోడ్ బిల్లు ఏమయిందో పాఠకులకు తెలుసు. అది ముందుకు సాగనందుకు అంబేద్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఆ బిల్లు ముక్కలు ముక్కలై, అందులో ఒక ముక్క 1956లో హిందూ వారసత్వ చట్టంగా వచ్చింది. కూతురూ వారసురాలే అని ఆ చట్టం చెప్పింది. ఎంతమేరకు?

ఒక లెక్క వేద్దాం. ఒక రైతుకు పిత్రార్జితం 12 ఎకరాలు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. రైతు చనిపోయాడు. 1956 చట్టం ఉమ్మడి కుటుంబాన్ని అలాగే ఉంచింది. అందుచేత ముందు తండ్రికీ ఇద్దరు కొడుకులకూ పంపకం జరిగినట్టు ఊహించాలి. తలా 4 ఎకరాలు. తండ్రి తాలూకు ఆ 4 ఎకరాల్లోనే భార్యకూ, ఇద్దరు కొడుకులకూ, కూతురికీ తలా ఒక ఎకరం. మొత్తం చూస్తే కొడుక్కి 5 ఎకరాలు, కూతురికి 1 ఎకరం, తల్లికి 1 ఎకరం. సమానత్వం అన్న మాట రాజ్యాంగంలోకి ఎక్కిన ఆరేళ్లకు వచ్చిన చట్టం ఇచ్చిన నిష్పత్తి అయిదుకు ఒకటి.

ఇల్లు సంగతి ఇంకా విచిత్రం. కుటుంబం కాపురముంటున్న ఇంటిని పంచమని కూతురు అడగకూడదు. మగ వారసులు పంచుకోదలిస్తేనే ఆమెకు వాటా. పెళ్లికాని కూతురు, విధవ, భర్త వదిలేసిన కూతురు అయితే ఆ ఇంట్లో ఉండవచ్చు. ఇరవై మూడో సెక్షన్ చెప్పింది ఇది. శ్రీపాద కథలోని పిల్లకు 1956 చట్టం ఇచ్చింది అదే ఇంట్లో ఒక మూల.

1985లో ఆంధ్రప్రదేశ్ ఒక అడుగు ముందుకు వేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 5 నుంచి కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఉంటుందని రాష్ట్రం చట్టాన్ని సవరించింది. దేశంలో కూతుర్ని ఈ విధంగా సమాన భాగస్తురాలిగా చేసిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో మన దారి పట్టాయి. అయితే ఇక్కడా ఒక మెలిక. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఈ హక్కు లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో 1984లో పెళ్లయిన అక్క వాటాదారు కాదు, పెళ్లికాని చెల్లెలు వాటాదారు. పుట్టుకతో వచ్చే హక్కుకు పెళ్లి ముహూర్తం అడ్డొచ్చింది. ఆడపిల్ల అంటే "ఆడ" పిల్ల, ఈడ పిల్ల కాదు అని ఇళ్లలో చెప్పుకునే మాటను చట్టం కూడా చెప్పిందన్న మాట. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఇరవై మూడో సెక్షన్‌ను ఎత్తేసింది. కౌలు భూములను మినహాయించిన నిబంధననూ తొలగించింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న తగాదాను 2020లో సుప్రీంకోర్టు తేల్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చింది.

ఇప్పుడు అదే 12 ఎకరాల లెక్క మళ్లీ వేయండి. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు - నలుగురికి తలా 3 ఎకరాలు. తండ్రి 3 ఎకరాలు భార్యకూ ముగ్గురు పిల్లలకూ తలా 75 సెంట్లు. కొడుక్కి 3 ఎకరాల 75 సెంట్లు, కూతురికి 3 ఎకరాల 75 సెంట్లు. సంతోషమే. మరి తల్లికి? పాత చట్టంలో ఎకరం, కొత్త చట్టంలో 75 సెంట్లు. ఉమ్మడి కుటుంబంలో పుట్టినవాళ్లకే ఆ హక్కు. కోడలుగా వచ్చిన మనిషికి లేదు. దక్షిణాదిన ఉమ్మడి పంపకంలో భార్యకు ప్రత్యేకంగా వాటా ఇచ్చే ఆచారమూ లేదు. అంచేత కూతురికి పెరిగిన వాటాలో కొంత తల్లి వాటాలోంచి వచ్చింది. ముప్ఫై నలభై ఏళ్లు ఆ పొలంలో కలుపు తీసి, నాట్లు వేసి, కుప్ప నూర్చిన మనిషికి 75 సెంట్లు! ఈ సవరణను స్వాగతించిన వ్యాసాలు చాలా చూశాను. ఈ తల్లిని గురించి మాట్లాడినవి అరుదు.

ఇవి వట్టి లెక్కలు కావు, జీవితాలు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన తులసమ్మ కేసు న్యాయశాస్త్ర విద్యార్థులకు తెలుసు, సాహిత్య విద్యార్థులకు తెలియదు. భర్తపోయిన ఆ స్త్రీ 1944లో కోర్టు రుసుము కట్టుకోలేని పేదరాలిగా మనోవర్తి కోసం దావా వేసింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఇచ్చారు, బతికున్నన్నాళ్లు అనుభవించడానికే, అమ్మే హక్కు లేకుండా. 1956 చట్టం పద్నాలుగో సెక్షన్ స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తి ఆమెకు పూర్తిగా చెందుతుందన్నది. 1961లో ఆమె అందులో కొంత అమ్మింది. నీకు ఆ హక్కు లేదని భర్త తరఫు దాయాది కోర్టుకెక్కాడు. హైకోర్టులో ఆమె ఓడింది. 1977లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. మనోవర్తి పుచ్చుకోవడం దయ కాదు, అది ముందునుంచీ ఉన్న హక్కు. కాబట్టి దానికి బదులుగా వచ్చిన ఆస్తి ఆమె సొంతం అన్నది ఆ తీర్పు సారాంశం. మొదటి దావానుంచి చివరి తీర్పు దాకా 33 ఏళ్లు. ఈ 33 ఏళ్లలో తెలుగులో ఎన్ని వందల నవలలు వచ్చాయి! ఒక విధవ తన అనుభవంలో ఉన్న నేల కోసం మూడు దశాబ్దాలు నిలబడ్డ కథ నాకు తెలిసినంతలో ఒక్క నవలకూ వస్తువు కాలేదు.

4

ఇక స్వాతంత్ర్యం తరువాతి సాహిత్యం, కళలు. ఈ కాలంలో ఆస్తి అనే మాట స్త్రీ కథల్లో వినబడలేదని కాదు. వినబడింది, కాని ఎప్పుడూ మగవాడి బాధగా వినబడింది. ఇల్లరికాన్ని చూడండి. కొడుకులు లేనివాళ్లు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకుని అతనికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారం ఆంధ్ర దేశంలో రెడ్డి, కమ్మ కుటుంబాలలో ఉండేది. "ఇల్లటం" అనే పేరుతో మద్రాసు కోర్టులు దాన్ని గుర్తించాయి. ఆలోచించి చూస్తే ఎంత విడ్డూరం! కూతురు కళ్లెదుట ఉంది. భూమి ఆమెకు ఇవ్వడానికి మనసొప్పదు. ఎక్కడినుంచో ఒక మగవాణ్ణి వెతికి తెచ్చి అతని చేతిలో పెట్టాలి. 1959లో వచ్చిన "ఇల్లరికం" సినిమా చూసి ప్రేక్షకులు ఎవరి కోసం కళ్లు తుడుచుకున్నారు? అత్తవారింట్లో అవమానాలు పడ్డ అల్లుడి కోసం. పెళ్లయిన ప్రతి ఆడదీ జీవితాంతం ఉండేది అత్తవారింట్లోనే. ఆ పరిస్థితి ఒక్క మగవాడికి వచ్చేసరికి అది కరుణరసమైంది.

తరువాతి దశ స్త్రీవాద సాహిత్యం. తెలుగు సాహిత్యానికి అది చేసిన మేలు పెద్దది. ఇంటిచాకిరీని, శరీరాన్ని, భాషను అది విచారణకు పెట్టింది. ఓల్గా "స్వేచ్ఛ" నవల 1987లో వచ్చింది. ఉద్యోగం ఉంటే చాలు స్వేచ్ఛ దానంతటదే వస్తుందన్న నమ్మకాన్ని ఆ నవల బద్దలు కొట్టింది. అది చాలా అవసరమైన పని. అయినా ఒక సంగతి గమనించాలి. అప్పటికి కూతురికి సమాన వాటా ఇచ్చిన చట్టం వచ్చి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలోనే కాదు, ఆ తరువాత చాలాకాలం కూడా ఆ చట్టం మన కథానాయికల ఇళ్లలోకి అడుగు పెట్టలేదు. మన నాయికకు ఆర్థిక స్వాతంత్ర్యం అంటే ఉద్యోగం. చదువుకున్న మధ్యతరగతి స్త్రీకి ఈ సమీకరణం కొంతవరకు సరిపోవచ్చు. పల్లెలో స్త్రీ మాటేమిటి? ఆమె పదేళ్ల వయసునుంచీ పనిచేస్తూనే ఉంది. కూలికి పోతూనే ఉంది. పని చేయడమే స్వాతంత్ర్యమైతే ఆమెకన్నా స్వతంత్రురాలు లేదు! ఆమెకు లేనిది పని కాదు, నేల.

పి. సత్యవతి "ఇల్లలకగానే" కథ మన పాఠ్య గ్రంథాల్లోకి ఎక్కింది, ఎక్కవలసిన కథే. చదువుకున్న అమ్మాయి పెళ్లి చేసుకుని ఇల్లు అలికి ముగ్గులు పెడుతూ, పెడుతూ తన పేరు మరిచిపోతుంది. ఊరంతా అడుగుతుంది, పుట్టింటికి పోయి అడుగుతుంది, చివరికి ఒక స్నేహితురాలు పిలిచిన పిలుపులో తన పేరు మళ్లీ దొరుకుతుంది. ఈ కథ తరగతిలో చెప్పాక నేను విద్యార్థులను ప్రశ్నలడగమంటే గుర్తింపు, అస్తిత్వం అంటూ పుస్తకాల్లోని మాటలే చాలామంది తిప్పి చెప్పారు. వెనక వరసలో కూర్చున్న ఒక రైతుబిడ్డ మాత్రం "ఆవిడ అన్నేళ్లు అలికిన ఇల్లు ఎవరి పేరున ఉంది?" అని అడిగింది. తరగతి నవ్వింది. నవ్వవలసిన ప్రశ్న కాదది. ఆ కథకు అంతకన్నా దగ్గరైన ప్రశ్న మరొకటి లేదు. పేరు అనేది మనిషిని పిలవడానికి ఒక్కటే కాదు; దస్తావేజులో, అడంగల్‌లో, పాసుపుస్తకంలో రాయడానికి కూడా. అక్కడ పేరు లేని మనిషి ఇంట్లో పేరు మరిచిపోవడంలో ఆశ్చర్యమేముంది? రచయిత్రి ఆ ప్రశ్నను పైకి చెప్పకపోవచ్చు. కథ దాన్ని మోస్తూనే ఉంది. దాన్ని బయటికి తీయడం విమర్శకుల పని.

5

ఇంతవరకూ ఇతరులను గురించి మాట్లాడాను. మన శిబిరం సంగతి చూడకపోతే ఈ వ్యాసం నిజాయితీ అనిపించుకోదు.

కాళీపట్నం రామారావు "యజ్ఞం" 1964లో వచ్చింది. దాని మీద మనం చేసినంత చర్చ మరే తెలుగు కథ మీదా చేయలేదు. అప్పల్రాముడి అప్పు, ఆ అప్పు కింద పోయే భూమి, ఆ అప్పు కొడుకు మీదికి రావడం, తన బిడ్డకు ఆ దాస్యం సంక్రమించకూడదని సీతారాముడు బిడ్డను నరికి తేవడం - ఇదంతా వర్గదృష్టితో ఎన్నోసార్లు విశ్లేషించాం. కాని "యజ్ఞం" ప్రధానంగా వారసత్వపు కథ. ఆస్తీ, అప్పూ, మాటా, పరువూ అన్నీ తండ్రినుంచి కొడుక్కీ, కొడుకునుంచి మనవడికీ నడుస్తాయి. పంచాయితీలో మాట్లాడేది మగవాళ్లు. ఆ బిడ్డను కన్నతల్లికి ఆ అప్పులో వాటా లేదు, ఆ భూమిలో వాటా లేదు, ఆ బిడ్డ ప్రాణం మీద కూడా మాట లేదు. కథను నేను తక్కువ చేయడం లేదు. అది ఉన్నదున్నట్టు చూపించింది. వర్గం కనిపించిన మన కంటికి ఆ వారసత్వపు వరస ఎందుకు కనిపించలేదన్నదే నా ప్రశ్న.

తెలంగాణ సాయుధ పోరాటానికి నాంది పలికిన భూమి ఎవరిది? పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి పంట దక్కించుకున్న చాకలి ఐలమ్మది. ఆమె ఆ పొలాన్ని సాగు చేసింది, కాపాడుకుంది. మన చరిత్రలో ఆమె వీరవనితగా నిలిచింది. కాని దున్నేవాడికే భూమి అన్న నినాదంలోని "వాడు" ఎవరో మనం విచారించలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన "మనకు తెలియని మన చరిత్ర"లో ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తమ కథ చెప్పారు. పోరాటం ఆగిపోయాక తమను తిరిగి ఇళ్లకు పొమ్మన్నారన్న బాధ ఆ మాటల్లో పదేపదే వినిపిస్తుంది. ఏ ఇళ్లకు? ఎవరి పేర ఉన్న ఇళ్లకు?

ఇక్కడ మన మిత్రులు మూడు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది సిద్ధాంతపరమైనది: సొంత ఆస్తి పోవాలన్నదే మన లక్ష్యమైతే ఆ ఆస్తిలో స్త్రీకి వాటా అడగడం ఏమిటి? ఎంగెల్స్ 1884లోనే ఈ చిక్కుముడి విప్పాడు. సొంత ఆస్తి ఏర్పడి, అది తండ్రి వరసలో పోవడం మొదలైనప్పుడే స్త్రీ ఓడిపోయిందని ఆయన వాదన. అలాంటప్పుడు తండ్రి వరసను దెబ్బతీసే ప్రతి సంస్కరణా ఆ పాత వ్యవస్థ మీద దెబ్బే. కార్మికుడు వేతన వ్యవస్థే పోవాలంటాడు, అయినా కూలిరేట్లు పెంచమని సమ్మె చేస్తాడు. అతనికి మనం ఈ అభ్యంతరం చెప్పం. ఆస్తి రద్దయ్యేదాకా ఆగమని చెప్పేది స్త్రీకి మాత్రమే.

రెండోది: ఇది భూస్వాముల కూతుళ్ల గొడవ, భూమి లేనివాళ్లకు వారసత్వమేముంది అని. రెండెకరాల మెట్ట ఉన్న రైతుకు కూతుళ్లు లేరా? బంజరు పట్టా పొందిన కూలీ చనిపోతే ఆ పట్టా ఎవరి పేర మారుతుంది? కౌలురైతు ఆత్మహత్య చేసుకుంటే ఏ కాగితమూ లేని అతని భార్య ఏ అధికారి ముందు నిలబడుతుంది? 2015-16 వ్యవసాయ గణనలో దేశంలోని కమతాల్లో స్త్రీల పేర నడిచేవి సుమారు 14 శాతం. వ్యవసాయంలో సగం పని చేసేవాళ్లకు ఇదీ దక్కింది. పేద ఇంట్లోనే భూమి ప్రాణావసరం. తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన పరిశీలన 2005లో వెలువడింది. ఏ ఆస్తీ లేని వివాహిత స్త్రీలలో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తిన్నారు. ఇల్లూ, భూమీ రెండూ తమ పేర ఉన్నవాళ్లలో 7 శాతం. దెబ్బ పడ్డనాడు పోవడానికి చోటు ఉండటానికీ, లేకపోవడానికీ ఉన్న తేడా ఇది. ఇది భూస్వాముల కూతుళ్ల గొడవ ఎలా అవుతుంది?

మూడోది: ఆడపిల్లలు వాటా అడిగితే అన్నాచెల్లెళ్ల ప్రేమ చెడిపోతుంది, కమతాలు చితికిపోతాయి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కమతాలు చితకలేదా? గట్టు తగాదాలతో తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ముల మధ్య ప్రేమ ఏమయింది? చెల్లెలు అడగనంతకాలమే నిలిచే ప్రేమను ప్రేమ అనడం భాషకు అపచారం.

6

చట్టం మారింది గనుక సమస్య తీరిపోయిందని ఎవరైనా అనుకుంటే, పంపకాల రోజు ఏ పల్లెకైనా వెళ్లి చూడమనండి. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర అక్కచెల్లెళ్లు హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెడుతుంటారు. "కట్నం ఇచ్చాం గదా, పసుపుకుంకుమల కింద ఇచ్చాం గదా" అంటారు అన్నలు. ఆ కట్నం మామగారి చేతికి పోయింది, భర్త వ్యాపారానికి పోయింది. ఆమె చేతిలో మిగిలింది లేదు. "పుట్టింటికి రాకపోకలు ఉండొద్దా?" అంటుంది తల్లి. ఆ ఒక్క మాటతో సంతకం పడుతుంది. నాన్న బతికుండగానే నోటిమాటగా పంచేశాడని ఇంకొక దారి. అలాంటి నోటి పంపకాలను మామూలుగా ఒప్పుకోరాదని 2020 తీర్పు చెప్పడం మంచి పని. ఏ దారీ లేకపోతే వీలునామా. ముప్ఫయ్యో సెక్షన్ ప్రకారం తండ్రి తన వాటాను ఎవరికైనా రాసిపెట్టవచ్చు. కూతురికి కనీస భాగమైనా మిగల్చాలన్న నియమం లేదు.

అంతకన్నా లోతైన అన్యాయం పదిహేనో సెక్షన్‌లో ఉంది. వీలునామా రాయకుండా చనిపోయిన హిందూ స్త్రీకి పిల్లలూ, భర్తా లేకపోతే ఆమె స్వార్జితం ముందుగా భర్త వారసులకు పోతుంది. ఆమెను కన్నవాళ్లు వాళ్ల వెనక నిలబడాలి. పెళ్లయిన మూడు నెలలకే భర్తపోయి, అత్తింటివాళ్లు వెళ్లగొడితే పుట్టింటివాళ్ల అండతో చదువుకుని ఉద్యోగం చేసిన ఒక స్త్రీ విషయంలో 2009లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే అమలు చేసింది. ఆమె కష్టార్జితం ఆమెను గెంటేసినవాళ్ల తరఫుకే పోయింది. ఈ సెక్షన్ మార్చాలని లా కమిషన్ 2008లో తన 207వ నివేదికలో చెప్పింది. మగవాడు పోతే అతని తల్లి మొదటి తరగతి వారసురాలు. ఆడది పోతే ఆమె తల్లి వరసలో వెనక. ఇంకా, 1956 చట్టం రెండో సెక్షన్ షెడ్యూల్డు తెగలను పరిధి నుంచి మినహాయించింది. గిరిజనుల ఆచారాలను కాపాడటం అవసరమే. కాని ఆచారం పేరుతో గిరిజన స్త్రీని భూమికి దూరం చేయడానికి అది సాకు కాకూడదు.

కాబట్టి ఉద్యమం అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. పదిహేనో సెక్షన్ సవరించాలి. వీలునామాతో కూతుర్నీ, భార్యనూ పూర్తిగా తుడిచివేసే స్వేచ్ఛకు హద్దు పెట్టాలి. హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసేముందు ఆ స్త్రీకి ఏమి వదులుకుంటున్నదో, దాని విలువెంతో చదివి చెప్పడం తప్పనిసరి చేయాలి. ఉమ్మడి పంపకంలో తల్లికి నికరమైన వాటా కల్పించాలి. ప్రభుత్వమిచ్చే ప్రతి పట్టాలో భార్య పేరు ఉండాలి. కౌలు చేసే స్త్రీకి సాగుదారుగా గుర్తింపు కావాలి.

చట్టాల పని ఉద్యమాలదీ, శాసనసభలదీ. సాహిత్యం పని వేరు. సంతకం పెట్టే ఆ క్షణంలో చెల్లెలి చేయి ఎందుకు వణకదో, వణికినా ఎందుకు ఆగదో చెప్పగలిగేది సాహిత్యమే. వాటా అడిగిన ఆడదాన్ని గయ్యాళి అనీ, అడగనిదాన్ని ఉత్తమురాలనీ పిలిచే భాషను ఇన్నాళ్లూ తయారు చేసింది కూడా సాహిత్యమే. ఆ భాషను మార్చే బాధ్యతనుంచి మనం తప్పుకోలేం. కన్నీళ్లతో వాటా వదులుకున్న సోదరిని త్యాగమూర్తిగా చిత్రించిన కథ వచ్చినప్పుడు, ఆ త్యాగంతో లాభపడ్డదెవరని విమర్శకుడు అడగాలి. ఇల్లు వదిలి వెళ్లిన నాయికను కీర్తించే కథ వచ్చినప్పుడు, వదిలి వెళ్లవలసింది ఆమే ఎందుకయిందని అడగాలి. రైతు విజయం సాధించిన నవల వచ్చినప్పుడు, పట్టా ఎవరి పేర వచ్చిందో అడగాలి.

ఈ ప్రశ్నలకు పెద్ద సిద్ధాంత పరిజ్ఞానం అక్కర్లేదు. "కన్యాశుల్కం" పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈసారి గిరీశంతో పాటు బుచ్చమ్మ భూముల దావాను గురించి కూడా ఒక్క గంట చెప్పండి. విద్యార్థులు సెలవులకు ఊరు వెళ్లినప్పుడు తమ ఇంటి పాసుపుస్తకం తెరిచి, అందులో తమ అమ్మ పేరు ఉందేమో చూడండి. లేకపోతే ఎందుకు లేదో ఇంట్లో అడగండి. ఆ అడగడంతో ఇంట్లో వచ్చే గొడవలోంచే రేపటి తెలుగు కథ పుట్టవలసి ఉంది.